పొగబండి కోసం ఒక రోజు: వరంగల్ నుంచి డార్జిలింగ్ లెక్క

డార్జిలింగ్ పోయొచ్చిన మనోళ్లలో చాలామంది టాయ్ ట్రైన్ ఎక్కామనే చెప్తారు. ఫోటోలు తీసి చూపిస్తే బండికి ముందున్నది డీజిల్ ఇంజను. తప్పు వాళ్లది కాదు. అక్కడ రెండు రకాల బండ్లు నడుస్తాయి, ఒకటి బొగ్గింజనుది, ఇంకోటి డీజిల్‌ది. రెండింటికీ వేర్వేరు టికెట్లని ముందుగా చెప్పేవాళ్లు ఉండరు. ప్యాకేజీ టూర్లలోనైతే రైలును మధ్యాహ్నం భోజనానికీ షాపింగుకీ నడుమ రెండు గంటల ఖాళీలో ఇరికిస్తారు. వెయ్యిన్నర కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, నూరేళ్ల నాటి ఇంజను పక్క నుంచే నడిచి వచ్చేస్తారు.

ఈ పోస్టులో దానికి తలకిందులు పద్ధతి చెప్తాను. ముందు ఇంజను, తర్వాత మిగతా ఊరు. రోజులో సగం బండి లోపల, సగం బండి బయట. బయట ఎందుకో కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

మొదట గేజ్ సంగతి. కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబడి కిందికి చూస్తే రెండు పట్టాల నడుమ దూరం 1,676 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. డార్జిలింగ్ లైన్‌లో అది 610 మిల్లీమీటర్లు, అంటే రెండే అడుగులు. మన ఇంటి తలుపంత వెడల్పు కూడా లేదు. ఇంత ఇరుకుగా వేసింది డబ్బు మిగుల్చుకోవడానికి మాత్రమే కాదు. పట్టాలు ఎంత దగ్గరగా ఉంటే బండి అంత చిన్న మలుపులో తిరుగుతుంది. పెద్ద గేజ్ అయితే కొండను తొలవాలి. ఈ గేజ్ కొండ ఎటు వంగితే అటు వంగుతుంది. 1879లో మొదలుపెట్టి 1881కి డార్జిలింగ్ దాకా చేరిన ఈ 88 కిలోమీటర్ల లైన్‌లో ఒక్క సొరంగం కూడా లేదు. అన్నింటికంటే బిగువైన మలుపు పేరు అగొనీ పాయింట్. అక్కడ వంపు వ్యాసార్ధం దాదాపు 18 మీటర్లు. మలుపు తీసుకునే చోటు కూడా లేని దగ్గర బండిని కొంత ముందుకు, కొంత వెనక్కు, మళ్లీ ముందుకు నడిపి, అడ్డంగా ఎక్కించుకుంటూ పోతారు. ఇట్లాంటి జెడ్ మలుపులు ఆరున్నాయి, బండి గుండ్రంగా చుట్టు తిరిగే లూపులు మూడున్నాయి. 1999లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. కొండ రైళ్లలో మన దేశం నుంచి మొదటిది ఇదే.

మన రైల్వేలో నారో గేజ్ అంటే ఈ 610, ఇంకా 762 మిల్లీమీటర్లు. కాల్కా–సిమ్లా 762. 1903లో మొదలైంది, 96 కిలోమీటర్లు, నూటికి పైగా సొరంగాలు. నేరల్–మాథెరాన్ 610, 1907 నాటిది. రెండూ చూడదగ్గవే గానీ రోజువారీ బండ్లు డీజిల్‌వి. సిమ్లాలో బొగ్గింజను ఉంది, దాన్ని ప్రత్యేకంగా మాట్లాడుకున్నప్పుడే బయటికి తీస్తారు. ఊటీ రైలు మీటర్ గేజ్, అంటే 1,000 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం నారో గేజ్ కాదు, కానీ స్టీమ్ ఇంజను నడిపే బండిలో మామూలు టికెట్‌తో కూర్చోగలిగే దారి కాబట్టి దాని గురించి కింద విడిగా రాశాను. మామూలు కుటుంబం టికెట్ కొనుక్కుని ఎక్కగలిగే స్టీమ్ బండ్లు డార్జిలింగ్, ఊటీ, ఈ రెండే అనుకోండి.

తెలుగు నేల మీద కూడా ఇట్లాంటిది ఒకటుండేది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే లైన్ 762 మిల్లీమీటర్ల నారో గేజ్. 1900లో పర్లాకిమిడి దాకా అక్కడి రాజావారు వేయించారు, గుణుపురం దాకా తర్వాత పొడిగించారు. ఇప్పుడది బ్రాడ్ గేజ్. ఉన్నట్టే ఉంచి వారానికొక్క బండి నడిపినా మనం డార్జిలింగ్ దాకా పోయే పని ఉండేది కాదని అనిపిస్తుంది.

ఇక ప్రయాణం. వరంగల్ నుంచి కొండ కిందున్న పెద్ద స్టేషన్ న్యూ జల్పాయిగురి చేరడమే ఇందులో బరువైన పని. రైల్లో అయితే హైదరాబాద్ వైపు నుంచి కాజీపేట, వరంగల్, ఖమ్మం, విజయవాడ మీదుగా కోల్‌కతా వైపు పోయే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ మన ఊరి బండి. ఫలక్‌నుమా మనకు పనికిరాదు, అది నల్గొండ, గుంటూరు దారిన పోతుంది. ఈస్ట్ కోస్ట్ మర్నాడు దిగేది హుగ్లీ నదికి ఇవతలి ఒడ్డున. అక్కడి నుంచి న్యూ జల్పాయిగురి పోయే డార్జిలింగ్ మెయిల్, పదాతిక్ లాంటి రాత్రి బండ్లు బయల్దేరేది అవతలి ఒడ్డున ఉన్న సియాల్దా నుంచి. నడుమ కోల్‌కతా ట్రాఫిక్ ఉంది. రెండు బండ్లకూ నడుమ కాగితం మీద కనీసం ఐదు గంటలుండాలి. మూడు గంటలు చాలనుకుని బుక్ చేసుకుంటే, మొదటి బండి రెండు గంటలు ఆలస్యమైన రోజున రెండో టికెట్ నీళ్లలో పోసినట్టే. వేర్వేరు పీఎన్నార్‌లు కాబట్టి ఆ డబ్బు తిరిగి వస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. సికింద్రాబాద్ నుంచి అస్సాం వైపు పోయే వారపు రైళ్లు న్యూ జల్పాయిగురి మీదుగానే పోతాయి. రోజు కుదిరి, మన స్టేషన్లలో ఎక్కడ ఆగుతుందో చూసుకుని బెర్తు దొరికించుకుంటే మారే బాధ ఉండదు. శంషాబాద్ నుంచి అక్కడికి దగ్గరి విమానాశ్రయం బాగ్డోగ్రాకు నేరుగా విమానం ఉంది. పెద్దవాళ్లతో పోయేవాళ్లకు ఒక వైపైనా అది నయం.

న్యూ జల్పాయిగురిలో పొద్దున దిగితే షేర్ జీపులో డార్జిలింగ్ మూడు, మూడున్నర గంటలు. అదే దూరం కొండ రైల్లో పోతే ఏడు గంటలు దాటుతుంది, పైగా దాన్ని లాగేది డీజిల్. ఏడు గంటలు ఆ పెట్టెలో కూర్చోవడం రైళ్లంటే ప్రాణం పెట్టేవాళ్ల పని. పిల్లలతో వద్దు. జీపు దారిలోనే పట్టాలు రోడ్డును ఇటు దాటి అటు దాటి పక్కనే వస్తుంటాయి, కిటికీలోంచి లైన్ అంతా కనిపిస్తుంది. మలుపులకు కడుపులో తిప్పేవాళ్లు ముందు సీటు అడిగి తీసుకోండి, వెనక అడ్డ సీట్లలో కూర్చోవద్దు.

ఏ నెలలో? వానాకాలం పూర్తిగా కొట్టేయండి. కొండచరియలు పడి లైన్ ఆగుతుంది. 2010లో పడిన దెబ్బకు కింది నుంచి పైదాకా లైన్ మళ్లీ కలిసింది 2015లోనే. అక్టోబరు దసరా సెలవుల్లో ఆకాశం తేటగా ఉంటుంది గానీ బెంగాల్ మొత్తం అక్కడే ఉంటుంది. నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు మొదటి సగం దాకా నా ఓటు. దానికి కాంచన్‌జంగ ఒక కారణం. 8,586 మీటర్ల కొండ, పొద్దున పూట తేటగా నిలబడుతుంది, మధ్యాహ్నానికి మబ్బు కప్పేస్తుంది. ఇంకో కారణం ఆవిరి. బాయిలర్ నుంచి బయటపడిన ఆవిరి కంటికి కనిపించదు, చల్లగాలి తగిలి సన్నని నీటి తుంపరగా మారినప్పుడే తెల్లగా కనిపిస్తుంది. గాలి ఎంత చల్లగా ఉంటే ఆ తెలుపు అంత దట్టంగా, అంతసేపు నిలుస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఇంజను చుట్టూ పలచటి పొగ తప్ప ఏమీ ఉండదు. నవంబరు పొద్దున అదే ఇంజను మబ్బులో మునిగినట్టుంటుంది.

పొద్దుగూకే సంగతి కూడా గుర్తుంచుకోండి. డార్జిలింగ్ మనకంటే బాగా తూర్పున ఉంది. గడియారం మాత్రం ఒకటే. డిసెంబరులో అక్కడ మనకంటే దాదాపు గంట ముందే చీకటి పడుతుంది. సాయంత్రం నాలుగింటి ట్రిప్పు దొరికింది కదా అని బుక్ చేసుకుంటే తిరుగు ప్రయాణం చీకట్లోనే.

టికెట్‌కు అరవై రోజుల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది. ఐఆర్‌సీటీసీలో డార్జిలింగ్ స్టేషన్ కోడ్ డీజే. మీకు కావలసింది డార్జిలింగ్ నుంచి ఇంకా ఎత్తున ఉన్న స్టేషన్ ఘుం దాకా పోయి వెనక్కి వచ్చే జాయ్ రైడ్, అందులోనూ స్టీమ్ అని స్పష్టంగా రాసి ఉన్నది. డీజిల్ దానికంటే స్టీమ్ టికెట్ ఖరీదు ఎక్కువ. రెండు బండ్ల పక్కపక్కన ధరలు చూస్తేనే ఏది ఏదో తెలిసిపోతుంది. తక్కువగా ఉంది కదా అని నొక్కకండి. బండికి రెండు, మూడు పెట్టెలే ఉంటాయి కాబట్టి సీట్లు వందలోపే. మన సూపర్‌ఫాస్ట్ బండ్లలో వెయిటింగ్ లిస్ట్ 40 కూడా ఒక్కోసారి కన్ఫర్మ్ అవుతుంది, ఇక్కడ 5 ఉన్నా ఆశ పెట్టుకోవద్దు. కొండ మీద ఉండే రెండు పొద్దులకూ హోటల్ తీసుకుని, మొదటి పొద్దుకే టికెట్ కొనండి. ఆ రోజు బండి రద్దయితే రెండో రోజు చేతిలో ఉంటుంది. చివరి రోజుకు టికెట్ పెట్టుకున్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు.

ఆ రోజు మబ్బుల లేవాలి. స్టేషన్‌కు బండి టైముకు కాదు, గంటన్నర ముందు పోవాలి. ఇంజను షెడ్డు స్టేషన్ దగ్గరే, రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. చల్లబడిన బాయిలర్‌ను మళ్లీ వేడెక్కించి బండి లాగేంత ఒత్తిడి తేవడానికి గంటలు పడుతుంది, అందుకే అక్కడ పని తెల్లారకముందే మొదలవుతుంది. పక్కన ఉన్నవాళ్లను అడిగి, వాళ్లు సరేనన్న చోట నిలబడి చూడండి.

చూడాల్సినవి చెప్తాను. ఇవి బీ క్లాస్ ఇంజన్లు. 1889లో ఈ రకం మొదలైంది, గ్లాస్గోలోని షార్ప్ స్టువర్ట్ కంపెనీ మొదట చేసింది. నాలుగే చక్రాలు. మన పాత బ్రాడ్ గేజ్ ఇంజన్లకు వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండర్ అని వేరే పెట్టె ఉండేది. దీనికి అది లేదు. నీళ్ల ట్యాంకు గుర్రం మీద జీను వేసినట్టు బాయిలర్ పైనే కూర్చుంటుంది, బొగ్గు కూడా ఇంజను మీదే. బరువంతా ఆ నాలుగు చక్రాల మీద పడుతుంది కాబట్టే ఇంత చిన్న ఇంజను ఇంత ఎక్కుడు లాగగలుగుతుంది.

బొగ్గు పెళ్లలను సుత్తితో కొట్టే మనిషిని గమనించండి. రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి వాళ్లకు బొగ్గు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు గానీ ఇక్కడ బొగ్గు ముక్క సైజే ప్రాణం. ఫైర్‌బాక్స్ చిన్నది. పెళ్ల పెద్దదైతే పైన మండి లోపల మండదు, నిప్పు అక్కడక్కడా చల్లబడుతుంది. మరీ పొడైతే అంటుకోకముందే గాలి వేగానికి గొట్టంలోంచి బయటికి కొట్టుకుపోయి రవ్వలై మన మీదే పడుతుంది. అందుకే అతను పిడికిలంత ముక్కలు చేసి ఫైర్‌మన్ చేతికి అందేట్టు సర్దుతుంటాడు. బొగ్గులో బూడిద ఎక్కువైతే అది కరిగి గడ్డకట్టి క్లింకర్‌గా మారి కింద జల్లెడను మూసేస్తుంది. గాలి ఆడదు, స్టీమ్ పడిపోతుంది. దారి మధ్యలో బండి ఊరికే ఆగి ఐదు నిమిషాలు కదలకపోతే చాలాసార్లు కారణం ఇదే: ఒత్తిడి మళ్లీ ఎక్కేదాకా ఆగుతున్నారు. కంగారు పడక్కర్లేదు, ఆ ఐదు నిమిషాల్లో ఫైర్‌మన్ చేసే పనే చూడదగ్గ పని.

ఇంకొకరు ఇంజను ముందు భాగంలో, పట్టాలకు మూరెడు ఎత్తున కూర్చుంటారు. పని ఇసుక వేయడం. డార్జిలింగ్ స్టేషన్ ఎత్తు సుమారు 2,076 మీటర్లు, ఘుం 2,258 మీటర్లు. నడుమ దూరం ఏడు కిలోమీటర్లు. అంటే సగటున ప్రతి 38 మీటర్లకు ఒక మీటరు ఎక్కాలి. ఇనుప చక్రం, ఇనుప పట్టా, పైన పొద్దుటి మంచు. చక్రం పట్టు తప్పితే బండి ముందుకు పోదు, చక్రాలు మాత్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, ఇంజను ఒక్కసారిగా దగ్గినట్టు టకటకమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినిపించే లోపే ముందున్న మనిషి చేతిలోని ఇసుకను పట్టా మీద సన్నగా వదులుతాడు. ఎక్కువ వేస్తే లాభం లేదు, పట్టా పైభాగం మీద చక్రం ఆనే గీత మీద పడాలి. ఒక్క పిడికెడు ఇసుకతో బండి మళ్లీ కదలడం దగ్గర నుంచి చూస్తే, ఈ లైన్‌కు ఇంతమంది మనుషులు ఎందుకు కావాలో అర్థమవుతుంది.

ఏ సీటు? పోయేటప్పుడు లోయ కుడి వైపు వస్తుంది. సీటు నంబరు టికెట్ మీద వస్తుంది కాబట్టి ఎంపిక మీ చేతిలో అంతగా ఉండదు, కానీ బాధపడక్కర్లేదు. బతాసియా దగ్గర బండి తన దారిని తానే దాటుకుంటూ పూర్తి చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టులో రెండు వైపుల వాళ్లకూ అన్ని దిక్కులూ కనిపిస్తాయి. 1919లో కట్టిన లూప్ ఇది. నడుమ తోట, గోర్ఖా సైనికుల స్మారకం ఉన్నాయి. బండి అక్కడ పది నిమిషాలు ఆగుతుంది. దిగగానే అందరూ కాంచన్‌జంగ వైపు పరుగెత్తుతారు. మీరు ముందు ఇంజను దగ్గరికి పోండి, కొండ ఎక్కడికీ పోదు, పైగా తిరిగి నడిచి వస్తాం కదా.

వీడియో తీసేవాళ్లు చప్పుడు కోసం ఎక్కే దారిలోనే తీయాలి. డార్జిలింగ్ నుంచి ఘుం దాకా ఇంజను కష్టపడుతుంది, ప్రతి ఊపిరీ విడివిడిగా వినిపిస్తుంది. వచ్చేటప్పుడు దిగుడు కాబట్టి ఇంజనుకు పని లేదు, బ్రేకుల కీచు తప్ప ఏమీ దొరకదు. ఘుంలో అరగంట ఆగుతుంది. మ్యూజియం చిన్నదే, పదిహేను నిమిషాలు చాలు. మిగతా పదిహేను నిమిషాలు ఇంజనును విప్పి రెండో చివరకు తెచ్చి తగిలించడం చూడండి. ఇంజనును తిప్పరు. అందుకే ఒక దారిలో గొట్టం ముందు, ఇంకో దారిలో వెనక.

బండి మళ్లీ డార్జిలింగ్ చేరేసరికి అసలు రెండు గంటలైపోతాయి. చాలామందికి రోజు అక్కడితో అయిపోతుంది. ఇక్కడి నుంచే రెండో సగం. టీ తాగి, షేర్ జీపులో మళ్లీ ఘుం పోండి. 1850 నాటి బౌద్ధ మఠం, లోపల పెద్ద మైత్రేయ బుద్ధుడు, స్టేషన్ నుంచి నడిచేంత దూరంలోనే. అది చూసుకుని పట్టాల వెంట కిందికి నడవండి. ఏడు కిలోమీటర్ల దిగుడు, ఆగుతూ నడిస్తే మూడు గంటలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బతాసియా దాకా నడిచి అక్కడ జీపు ఎక్కొచ్చు.

నడక ఎందుకంటే, లోపల కూర్చుంటే కనిపించనిది ఒక్కటే: మీరు కూర్చున్న బండి. ఇక్కడ పట్టాలకు కంచె లేదు. అంగళ్ల గడపల ముందు నుంచి, ఆరేసిన బట్టల పక్క నుంచి, రోడ్డు మీది జీపులతో భుజం రాసుకుంటూ బండి పోతుంది. కూరగాయలమ్మే ఆమె గంపను ఒక జానెడు వెనక్కి జరుపుకుంటుంది, బండి పోగానే మళ్లీ ముందుకు జరుపుతుంది. మీరు ఎక్కని ట్రిప్పు ఏదో ఆ టైముకు పైకి వస్తుంది. స్టేషన్‌లో పొద్దున్నే ఆ రోజు స్టీమ్ ట్రిప్పులు ఎన్నింటికో అడిగి రాసుకోండి, దాన్ని బట్టి నడక మొదలుపెట్టండి. పైకి వచ్చే బండికి ఎదురుగా మలుపు బయటి వైపు, రోడ్డుకు అవతల నిలబడితే ఫోటో వస్తుంది. నల్ల పొగ వస్తుంటే ఇప్పుడే కొత్త బొగ్గు వేశారని అర్థం, కాసేపు ఆగితే పలచబడి తెల్లావిరి కనిపిస్తుంది. సెల్ఫీ కోసం పట్టా మీద కాలు పెట్టొద్దు. బండి వేగం సైకిలంతే అయినా ఎక్కుడులో ఆగితే మళ్లీ కదలడం ఆ ఇంజనుకు ఎంత కష్టమో పైన చెప్పాను.

ఏమేం చెడిపోతాయి? ఇంజను మరమ్మతుకు పోతే ఆ ట్రిప్పు డీజిల్‌తో నడవొచ్చు, లేదా రద్దు కావొచ్చు. ముందు రోజు సాయంత్రం స్టేషన్ కౌంటర్‌లో కనుక్కుంటే తెలుస్తుంది. బజారు దగ్గర ఎవరో కారు పట్టాలకు ఆనించి పెట్టి పోతారు, యజమాని వచ్చేదాకా కూత వేస్తూ నిలబడాల్సిందే. ఘుంలో మంచు కమ్మితే పది అడుగుల అవతల కనిపించదు. అందుకే తిరుగు ప్రయాణం రైలు టికెట్‌ను ఇదే సాయంత్రానికి పెట్టొద్దు.

బట్టలు తెల్లవి వద్దు. మసి నలుసులు పడతాయి, రుద్దితే మరక పరుచుకుంటుంది, దులిపి వదిలేయాలి. కిటికీలోంచి తల బయటపెట్టి ఇంజను వైపు చూడాలనిపిస్తుంది, అప్పుడే కంట్లో నలుసు పడుతుంది. మామూలు కళ్లద్దాలు చాలు. పడితే నలపకుండా నీళ్లతో కడగాలి. పెట్టెలు చిన్నవి, బాత్రూం ఉంటుందని అనుకోవద్దు, స్టేషన్‌లోనే పని చూసుకుని ఎక్కండి. చిన్న పిల్లలకు చెవులు కప్పే మంకీ క్యాప్ చలికే కాదు, కూతకు కూడా. తిండికి ఇంటి నుంచి సకినాలు పట్టుకుపోండి, వారమైనా కరకరలాడతాయి, సంచిలో ఒలికేదేమీ ఉండదు. సర్వపిండి మొదటి రోజు రైల్లోనే అవగొట్టాలి, రెండో రోజుకు గట్టిపడుతుంది.

ఇంత దూరం పోలేమనేవాళ్లకు నీలగిరి. మేట్టుపాళయం నుంచి ఊటీ 46 కిలోమీటర్లు. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో చేరింది. వరంగల్‌లో ఆగే కేరళ ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు మీదుగానే పోతుంది. అక్కడ దిగి మేట్టుపాళయం చేరి రాత్రి అక్కడే పడుకోండి. లేదంటే రాత్రి బండిలో చెన్నై పోయి, పగలంతా అక్కడ గడిపి, రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి మేట్టుపాళయంలో దిగుతారు. కొండ బండి పొద్దున 7 దాటగానే కదులుతుంది. ఐఆర్‌సీటీసీలో మేట్టుపాళయం ఎంటీపీ, ఊటీ అసలు పేరు ఉదగమండలం, కోడ్ యూఏఎం.

ఇక్కడ ఒక్క విషయం ముందే తెలియాలి. స్టీమ్ ఇంజను కూనూరు దాకానే. అక్కడి నుంచి ఊటీకి డీజిల్. కల్లార్ దాటిన దగ్గర నుంచి కూనూరు దాకా పట్టాల నడుమ పళ్ల కడ్డీలు రెండు ఉంటాయి, ఒకదాని పన్ను ఎదురుగా రెండోదాని సందు వచ్చేట్టు అమర్చినవి. ఇంజను కింది పళ్ల చక్రం వాటిని పట్టుకుని పాకుతుంది. ఎక్కుడు 12 మీటర్లకు ఒక మీటరు, మామూలు చక్రాల పట్టుతో అయ్యే పని కాదు. ఇంజను ముందుండి లాగదు, కిందివైపు నుంచి నెడుతుంది. అందుకే ఎక్కేటప్పుడు మొట్టమొదటి పెట్టెకు ముందు అడ్డమేమీ లేదు, కొండ దారి అంతా ఎదురుగా తెరుచుకుంటుంది. ఆ పెట్టెలో సీటు దొరికితే అదృష్టమే. హిల్‌గ్రోవ్‌లో నీళ్లు పట్టుకోవడానికి ఆగినప్పుడు కిందికి దిగి వెనక ఇంజను దగ్గరికి పోవచ్చు, చేతిలో వడ ఉంటే కోతులు లాక్కుంటాయి. కూనూరులో దిగిపోయి, ఊటీ బస్సులో పోతే తప్పేమీ లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం ఈ వైపు పోవద్దు. ఈశాన్య రుతుపవనాల వానలకు మట్టి జారి బండ్లు రద్దవుతుంటాయి. డార్జిలింగ్‌కు మంచి నెలలు ఊటీ లైన్‌కు చెడ్డ నెలలు, తేదీలు తారుమారు చేసుకోకండి.

బడి పిల్లలను ఈ బండ్లు ఎక్కించే ముందు ఇంజన్లు ఒకసారి చూపించాలనుకుంటే నాగ్‌పూర్‌లో మోతీబాగ్ నారో గేజ్ రైల్ మ్యూజియం ఉంది, 2002లో తెరిచారు. ఒకప్పుడు సాత్పురా కొండల్లో, గోండియా, బాలాఘాట్, ఛింద్వాడా వైపు తిరిగిన 762 మిల్లీమీటర్ల లైన్ల ఇంజన్లు, పెట్టెలు అక్కడ పెట్టారు. ఆ లైన్లన్నీ ఇప్పుడు బ్రాడ్ గేజ్ అయిపోయాయి. ఇంజన్లు నిలబడి ఉంటాయి, నిప్పు ఉండదు. కానీ ఇంజనును తాకొచ్చు, చక్రానికీ పిస్టన్‌కీ నడుమ కడ్డీ ఎట్లా కదులుతుందో వేలు పెట్టి చూపించొచ్చు, అది నడిచే బండి దగ్గర కుదరదు. పిల్లలకు చిన్న బండి కూడా తిప్పుతారు. సోమవారం పెట్టుకోవద్దు. మధ్యాహ్నం సికింద్రాబాద్ నుంచి బయల్దేరే నాగ్‌పూర్ వందే భారత్ కాజీపేటలోనూ రామగుండంలోనూ ఆగుతుంది, రాత్రికి దింపుతుంది. వారంలో ఒక రోజు ఉండదు, చూసుకోండి. మంచిర్యాల, కాగజ్‌నగర్ వాళ్లకు ఢిల్లీ వైపు పోయే బండ్లు చాలానే ఉన్నాయి. తిరుగు వందే భారత్ నాగ్‌పూర్‌లో పొద్దున 5 గంటలకే కదులుతుంది, కాబట్టి రెండు రాత్రులూ గది స్టేషన్ పక్కనే తీసుకోండి. మోతీబాగ్‌కు అక్కడి నుంచి ఆటో చాలు.